సొగసు కూర్చునే చోటు

*హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల దాకా రోడ్డు వెంట ఆకుకూరల కుప్పలు, పూల గంపలు, క్యారెట్ గుత్తులు. వాటిని అంత పొందికగా పేర్చినందుకు ఎవరూ పైసా ఎక్కువివ్వరు. ఆ పనితనాన్ని కళ్లారా చూడటం మొదలుపెడితే, ఆ మనుషులు ఎక్కడ కూర్చున్నారో కూడా చూడక తప్పదు.*

కొత్తిమీర కట్ట కట్టడం తేలికైన పనే అనిపిస్తుంది. వేళ్ల మట్టి దులపాలి. కాడలన్నీ ఒక సమానానికి తేవాలి. పిడికిట్లో పట్టినంత పట్టి, దారమో నారో చుట్టి ముడి వేయాలి. ఎక్కువ బిగిస్తే లోపలి ఆకు నలిగి తెల్లారేసరికి నల్లబడుతుంది. వదులైతే గంపలోనే కట్ట విడిపోతుంది. రెంటికీ మధ్య ఎంత బిగువు కావాలో వేళ్లకే తెలియాలి. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల ఊళ్లలో ఆ సంగతి తెలిసిన ఆడవాళ్లు ముచ్చట్లు చెప్పుకుంటూనే, చేతివైపు చూడకుండానే, పొద్దుగూకేలోపు వందల కట్టలు కట్టేస్తారు. మడి గట్టున ఒక పచ్చటి గోడ లేస్తుంది. వేళ్లన్నీ ఒక దిక్కు, ఆకులన్నీ ఒక దిక్కు. పైన తడి గోనెపట్టా.

మర్నాడు ఆ కట్టలు రోడ్డు పక్కకు వస్తాయి. పాలకూర ఒక వరస, మెంతి ఒక వరస, ఎర్ర కాడలు బయటికి కనిపించేలా పుంటికూర మరో వరస. ముల్లంగి తెలుపు పక్కన బీట్‌రూట్ ముదురు రంగు. టమాటలు తొడిమ కిందికి పెట్టి నాలుగేసి, వాటి మీద ఒకటి. క్యారెట్ అయితే ఆకు కోయకుండా గుత్తిగా కట్టి పెడతారు. పొద్దున్నే పీకినదని చెప్పడానికి వేరే బోర్డు అక్కర్లేదు.

ఇంత తీరుగా ఎందుకు పెడతారని అడిగితే, 'తీరుగ వెట్టకపోతే ఎవలు కొంటరు బిడ్డా' అన్న మాటే ఎదురొస్తుంది. నిజమే, అమ్ముడుపోవాలనే. కానీ అమ్మకం ఒక్కటే కారణమైతే కొనేవాళ్లు లేని మిట్టమధ్యాహ్నం ఆ పని ఆగిపోవాలి. ఆగదు. ఒక్క బండీ నిలవని వేళలో కూడా వాడిన ఆకు ఏరి పడేస్తూ, కట్టల మీద నీళ్లు చిలకరిస్తూ, అమ్ముడైన చోట పడ్డ ఖాళీని పక్క కట్టలతో సర్దుతూ ఉంటారు. కుప్ప తగ్గుతుంది గానీ చెదరదు. ఆఖరికి నాలుగు కట్టలు మిగిలినా ఆ నాలుగూ ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగానే ఉంటాయి. ఆ ఆఖరి నాలుగు కట్టల కోసమే ఈ కథనం.

మొదటే ఒక మాట అనుకోవాలి. పేదరికంలో అందం ఏమీ లేదు. కౌలు బాకీ, నడుము నొప్పి, పిల్లల ఫీజు, వాన పడితే తడిసిపోయే సరుకు ఎవరికీ సొగసు తెచ్చిపెట్టవు. అందం ఉన్నది ఆ మనుషుల పనిలో, ఆ పని మీద వాళ్లకున్న పట్టింపులో. ఈ తేడా మరచిపోతే మెచ్చుకోలు కాస్తా జాలిగా మారుతుంది, లేదా ఫొటోగా మిగులుతుంది.

చెరువులు కాపాడిన మళ్లు

హైదరాబాద్‌కు ఇంత దగ్గరలో ఇన్ని కూరమళ్లు మిగలడానికి వెనక వందేళ్ల కథ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అంటే చాలామందికి తెలియకపోవచ్చు, గండిపేట అంటే చాలు. వరదను ఆపడానికీ, నగరానికి తాగునీళ్లివ్వడానికీ కట్టిన ఆ చెరువుల్లోకి మురికి చేరకూడదని 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దన్నారు. మొయినాబాద్ మండలం చాలావరకు, చేవెళ్ల మండలంలో కొన్ని ఊళ్లు ఆ గీత లోపలే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలను సడలించారు.

పాతికేళ్లు అపార్ట్‌మెంట్లు రాలేదు గానీ ఫామ్‌హౌసులు వచ్చాయి, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, రిసార్టులు వచ్చాయి. ఎకరాలు నగరంలో ఉండేవాళ్ల పేరు మీదికి మారాయి. పొలం పని మాత్రం ఈ ఊళ్లవాళ్లదే. కొందరు తమకు మిగిలిన కుంటల్లో చేసుకుంటారు, కొందరు కౌలుకు తీసుకుంటారు, ఇంకొందరు కూలికి వెళ్తారు. ఆకుకూరలు వాళ్లకు అచ్చొచ్చిన పంట. నెల తిరిగేలోపు కోతకు వస్తాయి. చేతిలో రోజూ ఎంతో కొంత డబ్బు ఆడుతుంది. నగరం గంట దూరంలోనే ఉంది కాబట్టి వాడకముందే అమ్ముకోవచ్చు.

ఆ ఫామ్‌హౌసుల గేట్ల పక్కన ఒక గది ఉంటుంది. కాపలా కుటుంబం ఉండేది అక్కడ. తోటకు నీళ్లు పెట్టడం, కుక్కలకు తిండి పెట్టడం, మోటారు వేయడం, గేటు తీయడం వాళ్ల పని. గది చిన్నది, గేటు పెద్దది. పొద్దున్నే ఆ ఇల్లాలు గేటు ముందు ఊడ్చి, సానిపి చల్లి ముగ్గు వేస్తుంది. యజమాని వారానికోసారి వస్తాడు, ఒక్కోసారి నెలకోసారి. ముగ్గు మాత్రం రోజూ పడుతుంది. కారు చక్రం కింద చెరిగిపోయేదే అయినా చుక్కల లెక్క తప్పదు. ఆ ఇల్లు తనది కాదు, నేల తనది కాదు. పొద్దుటి పూట ఆ నేలకు ఏ రూపం ఇవ్వాలన్నది మాత్రం తన ఇష్టం.

తెలుగు పత్రికా రచయిత, ఫొటోగ్రాఫర్ కందుకూరి రమేష్‌బాబు ఏళ్ల తరబడి ఇలాంటి ముగ్గులను ఫొటోలు తీశారు. పేరున్నవాళ్ల కథలే కథలనుకునే పత్రికల్లో 'సామాన్యశాస్త్రం' పేరుతో మామూలు మనుషుల గురించి రాశారు. ఆయన పని చూశాక ఒక సంగతి అర్థమవుతుంది. ఇంతకాలం మనకు కనపడక కాదు, కనపడినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

బజారు వద్దన్న గులాబీ

కూరగాయల తర్వాత ఈ నేలకు పేరు తెచ్చింది పూలు. మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్, శంకర్‌పల్లి మండలాల నుంచి బంతి, చామంతి, గులాబీ, లిల్లీ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్తాయి. పాలీహౌసులు వచ్చాక జర్బెరా కూడా చేరింది. పెళ్లిమండపం మీద వరసగా మెరిసే ఆ పెద్ద పువ్వే జర్బెరా.

పువ్వు పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండ తగలకముందు కోసిన పువ్వు నిలుస్తుంది. గులాబీని మొగ్గ విప్పారకముందే, కాడ పొడవు చూసి కత్తిరించాలి. ఒక పూట ముందైతే మొగ్గ విచ్చుకోదు, ఒక పూట ఆలస్యమైతే మార్కెట్‌కు చేరేలోపు రేకులు రాలుతాయి. జర్బెరాకు కత్తెర పెట్టరు. కాడను మొదట్లో పట్టుకుని కొంచెం పక్కకు వంచి మెల్లగా లాగితే ఊడి వస్తుంది. రేకులు నలగకుండా పువ్వుకు చిన్న ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. వంగి కోసి, లేచి తొడిగి, మళ్లీ వంగి సాగే ఆ వరసలో తడబాటు కనిపించదు. పాలీహౌసులో పొద్దెక్కేకొద్దీ ఉక్కపోత పెరుగుతుంది. అందుకే వేగం కావాలి. వేగంలో రేకు చిట్లకూడదు. నాట్యానికి గజ్జె కట్టినవాళ్ల లాఘవం చూసి చప్పట్లు కొడతాం, ఇక్కడ దానికి రోజు కూలి కడతారు.

కోసిన పూలను ఏరేటప్పుడు కాడ వంకరగా ఉన్నదీ, ఒక పక్క రేకు చిన్నగా ఉన్నదీ పక్కకు పోతాయి. మార్కెట్ వాటిని తీసుకోదు. పని దిగి ఇంటిదారి పట్టేటప్పుడు కూలికి వచ్చిన ఆడవాళ్ల కొప్పుల్లో కనిపించేవి ఆ పూలే. బజారు వద్దన్న పువ్వుకు అక్కడ ఏ లోపమూ కనపడదు.

క్యారెట్ దగ్గరా ఇదే చూపు పని చేస్తుంది. మూడు నెలలు దాటాక తడి నేలలోంచి పీకి, ఆకు తుంచి, కడిగి, ఏరాలి. ఒకప్పుడు తొట్లో పోసి కాళ్లతో తొక్కుతూ కడిగేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల గిర్రున తిరిగే డ్రమ్ముల యంత్రాలు వచ్చాయి. ఏరడం ఇంకా కళ్లదీ చేతులదీ. సూటిగా ఉన్నది ఒక కుప్ప, పొట్టిది ఒక కుప్ప, రెండుగా చీలినది పక్కకు. ఆగి ఆలోచించినట్టే కనపడదు. నిర్ణయం జరిగిపోతుంది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా ఆ నేర్పుకు సర్టిఫికెట్ ఏదీ లేదు.

చిలుకూరు గుడి బయట

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడికి హుండీ లేదు. వీసా కోసం మొక్కుకునేవాళ్లు ఎక్కువగా వస్తారు కాబట్టి వీసా బాలాజీ అని పేరు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108 ప్రదక్షిణలు. చేతిలో అంకెల కాగితం పట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టేసుకుంటూ జనం వడివడిగా తిరుగుతారు.

డబ్బు అడగని దేవుడి గుడి బయట డబ్బు అవసరమైన మనుషులు కూర్చుంటారు. కొబ్బరికాయలు, తులసి మాలలు, పూలు. మాల కట్టే చేతిని చూడండి. రెండు పూలు ఇటు, రెండు అటు, దారం ఒక మెలిక, బిగింపు. సూది లేదు. కొనేవాళ్లతో మాట సాగుతూనే ఉంటుంది, మాల పెరుగుతూనే ఉంటుంది. అడిగితే మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి మూర తుంచిస్తుంది. ఆఖర్న నాలుగు పూలు ఎక్కువే వదులుతుంది. ఏ త్రాసూ అడగని ఆ కొసరులో అమ్మేమనిషి మర్యాద ఉంది. పది రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడే మనిషికి కూడా ఆ నాలుగు పూలు దక్కుతాయి.

మర్యాద అనుకున్నాం కాబట్టి మరో సంగతి. 2018 ఏప్రిల్ 16న చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద మోసుకెళ్లారు. తిరుప్పాణాళ్వారును అర్చకుడు లోకసారంగ ముని మోసిన వైష్ణవ గాథను అనుసరించి చేసిన మునివాహన సేవ అది. ఆ ఒక్క పనితో కులం పోలేదు, ఎవరూ పోయిందనలేదు. ఎదుటి మనిషిలోని గొప్పతనాన్ని నిజంగా చూసినప్పుడు ఎవరు వంగాలన్నది మారిపోతుందని మాత్రం అది చూపించింది.

కొనక్కర్లేని పూల పండుగ

ఈ నేల మీద అందం ఎప్పుడూ డబ్బున్నవాళ్ల సొత్తు కాదనడానికి బతుకమ్మ కన్నా పెద్ద సాక్ష్యం లేదు. తొమ్మిది రోజుల ఈ పండుగకు కావలసిన అసలు పూలు తంగేడు, గునుగు. రెండూ ఎవరూ నాటనివే. తంగేడు బీడులో, గుట్ట వాలులో పూస్తుంది. గునుగు చేను గట్టున, పంట మధ్యన కలుపుగా లేస్తుంది. వానకాలం ముగిసే వేళకు పేద ఇంటి పిల్లలు సంచి పట్టుకుని వెళ్తే చాలు, పండుగ ఇంటికి వస్తుంది. గుమ్మడి పువ్వు, బంతి, కట్లపువ్వు పెరట్లోవే.

తాంబాళంలోనో సిబ్బిలోనో ఆకులు పరిచి, గుండ్రంగా వరస మీద వరస పేర్చుకుంటూ పోతారు. గునుగు కొసలు రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. లోపల ఆకు దట్టించకపోతే మధ్యలో కుంగుతుంది. కాడలు ఒక కొలతకు కోయకపోతే ఒక పక్కకు ఒరుగుతుంది. అందరి నడుమ పెట్టి ఆడిన తర్వాత నీళ్లలో సాగనంపుతారు. ఇంత శ్రద్ధగా పేర్చినదాన్ని దాచుకోవాలని ఎవరూ అనుకోరు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది.

ఆకుకూర కట్టలు పేర్చే చేతులూ ఈ చేతులే. చిన్నతనంలో అమ్మ పక్కన కూర్చుని పూలకాడలు సమానంగా తుంచడం నేర్చుకున్న వేళ్లు కొత్తిమీర కాడల్ని సమానంగా పట్టడంలో వింతేమీ లేదు. పండుగకూ పనికీ పనితనం ఒకటే.

ఇప్పుడు బీళ్లకు ప్రహరీలు లేచాయి. వెంచర్లకు రాళ్లు పాతారు. కలుపు మందు కొట్టిన చేలలో గునుగు మొలవదు. పండుగ నాళ్లలో నగరపు బజార్లలో గునుగు కట్ట కట్టి అమ్ముతున్నారు, తంగేడూ అమ్ముతున్నారు. ఉచితంగా దొరికిన అందం కొనాల్సిన సరుకైంది. అమ్ముతున్నవాళ్లు కూడా ఎక్కడో మిగిలిన గుట్టలు వెతుక్కుని, తెల్లవారుజామున కోసుకొచ్చినవాళ్లే.

పొద్దుటి బస్సు

చేవెళ్ల వైపు నుంచి మెహిదీపట్నం వచ్చే పొద్దుటి బస్సుల్లో గంపలూ మనుషులూ కలిసే ప్రయాణిస్తారు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. కూర అమ్ముకుని వచ్చే మనిషికి రోజూ మిగిలే ఆ చార్జీ చిన్న డబ్బు కాదు.

బస్సు నిండితే కోపాలు రేగడం మామూలే. కేకలూ ఉంటాయి, మోచేతులూ తగులుతాయి. ఆ ఇరుకులోనే ఇంకోటి కూడా జరుగుతుంది. గంప పైకెక్కించడానికి లోపలి నుంచి రెండు చేతులు చాపుతారు. ఆ చేతులు ఎవరివో కిందున్న మనిషికి తెలియదు. ఎక్కాక ఆ పెద్దామె చుట్టబట్ట విప్పి దులిపి భుజాన వేసుకుంటుంది, ఆ గంప పక్కనే ఇంత చోటు చూసుకుని కింద కూర్చుంటుంది. కాలేజీ పిల్ల బ్యాగు ఆ పెద్దామె ఒళ్లో చేరుతుంది. 'ఇటివ్వు బిడ్డా' అనడమే తప్ప అడిగించుకోవడం ఉండదు. ఎవరికీ చోటు చాలని బస్సులో ఒకరికొకరు చోటు చేసుకోవడానికి పుట్టుకతో వచ్చిన సహనం ఏదో ఉందనుకుంటే పొరపాటు. రోజూ అదే దారిలో, అదే మనుషులతో పోవాలి. ఇవాళ చెయ్యి అందించినవాళ్లకు రేపు చెయ్యి కావాలి. ఆ ఒప్పందం కాగితం మీద లేదు, అందరికీ గుర్తుంది.

గోడ మీది బొమ్మ, గోడ బయటి మనిషి

తెలంగాణ పల్లె స్త్రీ సొగసును కళాకారులు ఎప్పుడో పట్టుకున్నారు. సిద్దిపేట కాపు రాజయ్య బోనాలనూ బతుకమ్మనూ చిత్రాల్లోకి తెచ్చారు. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన తోట వైకుంఠం నిండు రంగుల చీరలు, పెద్ద బొట్టు పెట్టుకున్న పల్లె ఆడవాళ్లనే జీవితమంతా గీశారు. వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ 2022 జనవరిలో కన్నుమూసేదాకా తెలంగాణ పల్లె బతుకును, పాత ఇళ్ల గోడలను, తలుపులను, బతుకమ్మను ఫొటోల్లో దాచారు. వాళ్లు గీయకపోతే, తీయకపోతే చాలామందికి ఆ అందం కనపడేదే కాదు.

కళాకారుడి పని కళాకారుడు చేశాడు. చూసేవాళ్లం మనం ఏం చేశామన్నదే ప్రశ్న. నగరంలో పెద్ద ఇళ్ల గోడల మీద నుదుట నిండుగా బొట్టు పెట్టుకున్న పల్లెపడుచు బొమ్మ ఉంటుంది. దానికి పైన చిన్న దీపం, చుట్టూ మంచి చట్రం. ఆదివారం ఫామ్‌హౌసుకు వెళ్తూ అదే ఇంటివాళ్లు రోడ్డు పక్కన కారు ఆపి, అద్దం సగం దించి, పాలకూర కట్ట పదికి రెండా మూడా అని బేరమాడతారు. బొమ్మ ధర మీద ఎవరూ గొణగరు.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి. గంప మోసే ముసలమ్మ, పళ్లు లేని నోటి నవ్వు, ముడతల మీద పడ్డ ఎండ, అన్నీ ఫొటోలే. అడగకుండా తీస్తారు. తీశాక చూపించరు. ఆ ముఖంలో వెయ్యి కథలున్నాయని కింద రాస్తారు. ఒక్క కథా అడిగి ఉండరు. ఆ ముసలమ్మ కూడా పొద్దున అద్దంలో చూసుకుని, బొట్టు సర్దుకుని, మంచి చీరె కట్టుకునే వచ్చింది. తను ఎలా కనపడాలో తనకూ ఒక ఆలోచన ఉంది. తీసేముందు అడిగితే కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. అడగకుండా తీసిన ఫొటోలో ఉన్నది ఆమె ముఖమే గానీ, ఆమె చూపించాలనుకున్న ముఖం కాదు.

చెట్లకు లెక్క ఉంది

ఈ రోడ్డుకు ఇంకో అందం ఉంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల పొడవునా రెండు పక్కలా మర్రిచెట్లు. వాటి సంఖ్య దాదాపు తొమ్మిది వందలు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే ఈ దారి ఇప్పుడు 163వ నంబరు జాతీయ రహదారి. దాన్ని నాలుగు వరసలుగా వెడల్పు చేయాలన్నప్పుడు చెట్లు పోతాయని నగరంలోని ప్రకృతి ప్రేమికులు ఉద్యమించారు. చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. చెట్ల కోసం అంత శ్రమ పడ్డవాళ్లను మెచ్చుకోవలసిందే. నీడకూ వయసుకూ విలువ కట్టించారు.

ఆ నీడలోనే కూరగాయలమ్మేవాళ్లు కూర్చుంటారు. మర్రి కింద చల్లగా ఉంటుంది, కట్ట వాడదు, ఆగే బండికీ నీడ దొరుకుతుంది. చెట్టు మొదలుకూ తారుకూ మధ్య ఉన్న మట్టి అంచే వాళ్ల దుకాణం. ఇరుకు రోడ్డు, ఎదురెదురు బళ్లు, కంకర టిప్పర్లు.

2024 డిసెంబరు 2న చేవెళ్ల మండలం ఆలూరు స్టేజీ దగ్గర అదుపు తప్పిన లారీ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి దూసుకెళ్లింది. నలుగురు చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తమ మడిలో పండినది తెచ్చుకుని కూర్చున్నవాళ్లు. పదకొండు నెలల తర్వాత, 2025 నవంబరు 3న, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొంది. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న పొద్దుటి బస్సు అది. కంకర ప్రయాణికుల మీద పడింది. 19 మంది పోయారు. చెట్లు ముఖ్యమా ప్రాణాలు ముఖ్యమా అన్న వాదన మళ్లీ రేగింది.

ఆ వాదనలో చెట్టు ఉంది, రోడ్డు ఉంది, కారు ఉంది, బస్సు ఉంది. చెట్టుకింద గంప పెట్టుకుని కూర్చున్న మనిషి లేదు. ఎన్ని మర్రిచెట్లున్నాయో ఎవరైనా చెప్పగలరు. ఆ చెట్ల కింద ఎంతమంది కూర్చుంటున్నారో చెప్పడానికి అలాంటి లెక్క ఎవరి చేతిలోనూ కనపడదు. ఇన్నాళ్లూ మనం మెచ్చుకున్న సొగసు అంతా వేగంగా వచ్చే చక్రానికి మూరెడు దూరంలో కూర్చుని ఉంది.

మనుషులనూ లెక్కపెట్టాలి

ఈ లెక్క తీయడానికి ఇప్పుడొక దారి తెరుచుకుంది. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ రెండూ మున్సిపాలిటీలయ్యాయి. ఊరు పట్టణమైతే ఇంటి పన్ను మారుతుందనే అందరూ మొదట అనుకుంటారు. మరొకటి కూడా మారుతుంది. పట్టణాల్లో వీధి వ్యాపారులకు 2014 నాటి కేంద్ర చట్టం రక్షణ ఇస్తుంది.

ఆ చట్టం చెప్పేది క్లుప్తంగా ఇది. కనీసం అయిదేళ్లకోసారి వీధిలో అమ్ముకునేవాళ్లందరినీ సర్వే చేయాలి. సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. అమ్ముకునే చోట్లు నిర్ణయించడానికి ఒక కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది అమ్ముకునేవాళ్లే, తమలో తాము ఎన్నుకున్నవాళ్లే కావాలి. ఆ ప్రతినిధుల్లో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఏళ్లుగా తమంతట తాము కలుసుకుంటున్న చోటు ఉంటే, ఆ సంగతినీ చట్టం లెక్కలోకి తీసుకుంటుంది.

కట్టను ఎటు తిప్పి పెడితే ఎండ తగలదో, ఏ మలుపులో బండి ఆగితే వెనక వచ్చేవాడికి కనపడుతుందో, ఏ చెట్టుకింద పొద్దంతా నీడ నిలుస్తుందో ఆ ఆడవాళ్లకు తెలిసినంత ఏ ఇంజినీరుకూ తెలియదు. వాళ్లు కమిటీలో కూర్చోవడం మెహర్బానీ ఏమీ కాదు, పనికి అవసరం. రోడ్డు వెడల్పయ్యాక తారుకు ఎడంగా, బళ్లు లోపలికి తిరిగి ఆగేలా, నీళ్ల పంపుతో, మరుగుదొడ్డితో కొన్ని జాగాలు వదలడం పెద్ద ఖర్చు కాదు. మర్రి నీడ అక్కడికి కూడా వచ్చేలా గీత గీయొచ్చు. మున్సిపాలిటీ హద్దులోకి రాని స్టేజీల దగ్గర ఆ బాధ్యత పంచాయతీలూ రహదారి అధికారులూ పంచుకోవాలి.

కొనేవాళ్లు చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. బండిని తారు దించి, దూరంగా ఆపి, దిగి నడిచి వెళ్లడం. సగం దించిన అద్దంలోంచి బేరమాడితే అమ్మే మనిషి లేచి రోడ్డు మీదికి రావాల్సి వస్తుంది. ఆలూరు తర్వాత అలా పిలవకూడదు. పదికి రెండు అంటే రెండే తీసుకోవడం. కట్ట తిరగేసి, నలిపి చూసి, మళ్లీ కుప్ప మీద విసిరేయకుండా తీసిన చోటే పెట్టడం. ఫొటో కావాలంటే అడగడం.

వీటితో పాటు ఒకటుంది, అది అన్నింటికన్నా ముందు చేయవలసినది. అందంగా పేర్చిన కుప్పను చూసి మనసు మురిసినప్పుడు, ఆ మురిపెం పది రూపాయల దగ్గర ఆగిపోకుండా మున్సిపల్ ఆఫీసు దాకా నడవాలి. చేవెళ్లలో, మొయినాబాద్‌లో వీధి వ్యాపారుల సర్వే ఎప్పుడు చేస్తారు, కమిటీ ఎన్నిక ఎప్పుడు పెడతారు, ఆ ఆడవాళ్లకు కుర్చీ ఎప్పుడు వేస్తారు అని అడగాలి. ఆ రోడ్డు మీద ఒక్కసారైనా కొత్తిమీర కొన్న ప్రతివాళ్లకూ ఆ ప్రశ్న అడిగే హక్కుంది.